రెండు స్టేజీల దూరం

పొద్దుమీకి ఆరుంబావుకు
మూసారాంబాగ్ బ్రిడ్జి ముందట జంగయ్యన్న బస్సాపిండు,
ఇంజను ఆపలేదు.
ఆపితే మళ్ల అందుకోదని ఆయన రంది.
బారికేడు అవతల బ్రిడ్జి లేదు.
చాయ్ రంగు నీళ్లు. నీళ్ల మీద ఒక థర్మాకోల్ ముక్క,
ఒక్కటే చెప్పు,
ఎవరింటిదో బోర్లా పడ్డ క్యాలెండరు.

"పొద్దుగాల్నే హిమాయత్‌సాగర్ గేట్లు లేపిన్రు"
అంటుండు హోంగార్డు ఎల్లేశు,
నాతోని కాదు, నీళ్లతోని.
లంగర్‌హౌజ్, అత్తాపూర్, పురానాపూల్, చాదర్‌ఘాట్,
ఏ స్టాపుల ఆగకుంట వచ్చిన నీళ్లు
సరిగ్గ మా ఆఖరి ట్రిప్పుకు అందుకున్నయి.

నా మెడల మెషిన్‌కు నది తెల్వదు.
దానికి ఎరుకైనవి స్టేజీలే:
మూసారాంబాగ్ అయినంక అలీ కేఫ్.
రెండు నొక్కులు, చిర్రుమని కాయితం.
ఆడోళ్లకు సున్న టికెట్టు.
సున్న మీద గూడ
ఎక్కిన తావు, దిగే తావు అచ్చు పడతది.

రెండో సీట్ల నఫీస్ బేగం
కుట్టుబట్టల సంచి ఒళ్లె పెట్టుకొని
కొంగుతోని అద్దం తుడిచి చూపెట్టింది.
"వో దేఖో, గా నీలి ట్యాంకు మాదే.
లైటు పడ్డది. చిన్నోడు లేచినట్టున్నడు."
పిలిస్తే పలికేటంత దగ్గర,
నది జర గొంతు తగ్గిస్తే.

జంగయ్యన్నకు ఈ బ్రిడ్జి ఇరవై ఆరేండ్ల దోస్తు.
యాడ గుంత, యాడ అతుకు
కండ్లతోని కాదు, నడుముతోని చెప్తడు.
"మోకాలి లోతే మేడం, గుంజేస్త" అన్నడు
నా దిక్కు సూడకుంట.
ఎనుక నలభై మంది ఊపిరి బిగవట్టిన్రు.
నేను వద్దనలేదు. ఊఁ అనలేదు.
గా మాట ఇప్పటికీ నా గొంతులనే ఉన్నది.

అంతల ఒక బండి పిలగాడు బారికేడు సందుల దూరిండు.
ఈపు మీద ఎర్ర డబ్బ, ఎవరి బిర్యానో.
పది గజాలు మంచిగనే పోయిండు.
పదకొండో గజంల ముందటి చక్రం
పక్కకు తిరిగి నదిని చూసింది.
ఎల్లేశు బూట్లతోనే ఉరికి
గల్ల పట్టి గుంజుకొచ్చిండు.
బండి పోయింది. డబ్బ తేలుకుంట పోయింది.
పిలగాడు ఫోను అంగికి తుడుసుకుంట
"క్యాన్సిల్ కొట్టాలన్నా, రేటింగ్ పోతది" అని ఏడ్సిండు.
ఎల్లేశు చెంపకు ఒకటిచ్చి
తన రెయిన్‌కోటు ఇప్పి వానికి కప్పిండు.

జంగయ్యన్న ఏమనలేదు.
రివర్స్ గేరు పడ్డ సప్పుడు
బస్సంత ఇన్నది.

"దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, నాగోలు, ఉప్పల్, రామంతాపూర్!"
ఒర్రుతుంటే నా గొంతే నాకు కొత్తగున్నది.
రెండు స్టేజీలకు పన్నెండు కిలోమీటర్లు.
"ఇంకెంతియ్యాలె?" ముందట పెద్దమనిషి జేబు తడుముకుంటుండు.
మెషిన్ సంచిల పెట్టిన.
"కూసోండ్రి. ఈ సుట్టు మూసీ ఖాతల రాసుకుంట."

కొత్తపేటల నీళ్లు ఫుట్‌బోర్డు ఎక్కినయి.
మూత లేని మ్యాన్‌హోల్ల ఎవరో వేపకొమ్మ పాతిన్రు,
కొమ్మకు ఎర్ర చున్నీ.
ఎవరి చున్నీనో.
ఈ ఊర్ల ఆఫీసర్ల కంటె ముందొచ్చేది అదే.

నాగోలు బ్రిడ్జి మీద జంగయ్యన్న జర నెమ్మది చేసిండు.
మేము దాటలేని నీళ్లు
మాకంటె ముందే వచ్చి కిందికెల్లి పోతున్నయి.
"ఎర్ర డబ్బ కనవడ్తదా?" అన్నరెవరో.
ఎవరూ నవ్వలే.

పది కావస్తుంటే అలీ కేఫ్ కాడ దిగిన నఫీస్ బేగం
ఇంటికి పోలే.
ఇటు దిక్కు బారికేడు దాంక నడిసిపోయి నిలవడ్డది.
అవతల ఒడ్డున ఒక టార్చి,
ఎల్లేశుదే కావచ్చు,
నీళ్ల మీద దేన్నో దేవులాడుతున్నది.

డిపోల లెక్క అప్పజెప్పాలె.
మెషిన్ల రెండు స్టేజీలే ఉన్నయి.